నెగెటివ్ ఎవరి పేరున?

తెలుగులో ఫోటోకి రెండు క్రియలున్నాయి. తీసేవాళ్లు తీస్తారు, తీయించుకునేవాళ్లు దిగుతారు. కాలిలో ముల్లు దిగినట్టు, గుడ్డ మీద అచ్చు దిగినట్టు మనిషి ఫోటోలోకి దిగడమన్నమాట. ఎవరి నోట మొదట పుట్టిందో గానీ చాలా సరైన మాట. దిగాక మళ్లీ పైకి రావడం మన చేతిలో ఉండదు. ఆ కాగితం ఎవరి గోడకెక్కుతుందో, ఎవరి పెట్టెలో పడుతుందో, ఎన్ని చేతులు మారుతుందో దిగినవాళ్లకి తెలియదు. పల్లెటూళ్ల పెళ్లి ఫోటోల గురించి రాద్దామని కూర్చున్నప్పుడు నాకు మొదట తట్టిన ప్రశ్న కూడా ఇదే. ఫోటోలో ఉన్న మనిషి ఎవరో తెలుస్తూనే ఉంది. ఫోటో ఎవరిది?

ఈ విషయంలోకి నేను సాహిత్యం వైపు నుంచే వచ్చాను. నా పిహెచ్‌డి స్త్రీల స్వీయచరిత్రల మీద. రాసిన స్త్రీల పుస్తకాలు చదువుతూ, రాయని స్త్రీల దగ్గరికి కూడా వెళ్లి జీవితకథలు చెప్పించుకున్నాను. పాత గుంటూరు జిల్లా డెల్టాలో, తెనాలి, రేపల్లె చుట్టుపక్కల ఊళ్లు. ఎక్కువమంది అరవై దాటినవాళ్లు. "మీ పెళ్లి ఏ సంవత్సరంలో అయింది పిన్నిగారూ?" అంటే "ఉప్పెనకి ముందేడు" అనేవారు. (1977 నవంబరు ఉప్పెన ఆ వైపు కాలానికి గుర్తురాయి.) ఆ వెంటనే లేచి లోపలికెళ్లి ఫోటో తెచ్చేవారు, కొంగుతో అద్దం తుడిచి మరీ చేతికిచ్చేవారు. కొందరు తేలేకపోయేవారు. "అది మా బావగారి వాటాకి పోయింది" అంది ఒకావిడ. ఉమ్మడి ఇల్లు పంచుకున్నప్పుడు ఇత్తడి గుండిగలు, మంచాలు, వాటితో పాటు గోడ మీది పటాలు కూడా వాటాల్లో పోయాయి. ఆవిడ పెళ్లి ఫోటో తోడికోడలి ఇంట్లో ఉంది. ఆ తోడికోడలితో ముప్ఫై ఏళ్లుగా మాటల్లేవు. తన మొహం తను చూసుకోవాలంటే వేరే ఇంటి గడప తొక్కాలి.

ఆ వాక్యం దగ్గర నా పరిశోధన పక్కదారి పట్టింది. ఇప్పటికీ ఆ దారిలోనే ఉంది.

మన ప్రాంతంలో కెమెరాకీ ఆడవాళ్లకీ ఉన్న సంబంధం గురించి చెప్పేటప్పుడు అందరూ సికింద్రాబాదు నుంచి మొదలుపెడతారు. ఆరో నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాదులో ఆడవాళ్లకోసమే ఒక జెనానా స్టూడియో తెరిచాడు. పరదా పాటించే స్త్రీలు అక్కడికి వెళ్లేవారు. ఫోటోలు తీసే పని కెన్నీ లెవిక్ అనే ఇంగ్లీషు మహిళ చూసుకునేది. ఇది మనకెంతో నచ్చే కథే. కాదనను. కానీ ఆ స్టూడియో గుమ్మం ఎక్కినవాళ్లు నవాబుల ఇళ్ల స్త్రీలు. కోస్తా వైపు చూస్తే, 1909 నాటి కన్యాశుల్కం మొదట్లోనే గిరీశం మీదికి ఫోటోగ్రాఫు బాకీ వసూలుకి మనిషి వస్తాడు. అంటే విజయనగరం లాంటి ఊళ్లో ఫోటో దిగడం, దానికి అప్పు పడడం అప్పటికే జనం నవ్వుకునేంత మామూలు సంగతి. అప్పు పుట్టేది మాత్రం మగవాడికే.

మరి పల్లెటూళ్ల ఆడవాళ్లు? వాళ్ల మీద కెమెరా పడింది గానీ వాళ్లకోసం పడలేదు. వలస ప్రభుత్వానికి ఈ దేశపు మనుషులు 'రకాలు'గా కావాలి. 1868 నుంచి 1875 దాకా ఎనిమిది సంపుటాలుగా వచ్చిన 'ది పీపుల్ ఆఫ్ ఇండియా', 1909లో ఎడ్గర్ థర్‌స్టన్ అచ్చువేసిన ఏడు సంపుటాల 'దక్షిణ భారత కులాలు, తెగలు' ఆ కోవవే. అందులో మనిషికి కులం పేరుంటుంది, సొంత పేరుండదు. 1940ల్లో హైమండార్ఫ్ చెంచుల్ని, కొండరెడ్లని, రాజగోండుల్ని తీసిన వేలాది ఫోటోలు లండన్‌లో సోయస్ సంస్థ భద్రపరిచింది. థర్‌స్టన్‌నీ హైమండార్ఫ్‌నీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదని నాకు తెలుసు. హైమండార్ఫ్ ఆ జనంతో ఏళ్లతరబడి ఉన్నాడు, గోండుల భూముల గురించి, చదువు గురించి గట్టిగా పట్టుబట్టాడు. అయినా ఫోటో వెళ్లి ఏ ఊళ్లో ఉంది అన్న నా ప్రశ్నకి రెండు చోట్లా జవాబు ఒకటే.

ఇక పెళ్లి ఫోటో. డెల్టాలో ఇప్పుడు దొరికేవాటిలో పాతవి 1930లు, 40ల నాటివి. మోతుబరి ఇళ్లవే. ఇవి చూస్తుంటే మొదట ఒక సంగతి ఆశ్చర్యం కలిగిస్తుంది. పెళ్లి ఫోటోల్లో పెళ్లి కనపడదు. జీలకర్ర బెల్లం లేదు, తాళి కట్టడం లేదు. కారణం మన ముహూర్తాలే. అర్ధరాత్రి దాటాకో తెల్లవారుజామునో ముహూర్తం, ఊళ్లో కరెంటు లేదు, పెట్రోమాక్స్ లైట్ల వెలుగు ఆనాటి ప్లేటుకి చాలదు. ఫోటోగ్రాఫరు మర్నాడు పొద్దున బండి కట్టించుకుని వచ్చేవాడు. ఇంటి ముందు అరుగు మీదనో, పందిరి తీసేశాక వాకిట్లోనో దుప్పటి తెరలా కట్టి, కుర్చీలు వేసి తీసేవాడు. కాబట్టి మనం పెళ్లి ఫోటో అంటున్నది నిజానికి పెళ్లయిన మర్నాటి ఫోటో. రాత్రంతా పొగలో కూర్చుని, ఉపవాసంతో, నిద్ర లేక, తెలియని మనుషుల మధ్య తెల్లవారిన పిల్ల మొహం అది. "పాతకాలం వాళ్లు ఫోటోల్లో నవ్వేవారు కాదు" అని తేలిగ్గా అనేస్తాం. ఆ పిల్ల ఏం చూసి నవ్వాలి?

చాలా ఫోటోల్లో ఆమె నిజంగానే పిల్ల. శారదా చట్టం 1929లో చేసి 1930 ఏప్రిల్ 1 నుంచి అమల్లో పెట్టారు. ఆ తేదీకి ముందు హడావిడిగా పెళ్లిళ్లు చేసేశారన్న కథలు ప్రతి ఇంట్లో ఉన్నాయి. అమల్లోకి వచ్చాక గోదావరి జిల్లాల వాళ్లు ఏరు దాటి ఫ్రెంచివారి యానాం వెళ్లి చేసుకొచ్చేవారు. బ్రిటిషు చట్టం అక్కడ చెల్లదు కాబట్టి. ఆ పెళ్లిళ్ల వల్లే యానానికి కల్యాణపురం అని పేరు. కుర్చీలో కూర్చున్న కుర్రాడి భుజం ఎత్తుకి కూడా రాని పెళ్లికూతురు, కాళ్లు నేలకి ఆనని పెళ్లికూతురు, ఏదో చూసి కళ్లు పెద్దవి చేసిన పెళ్లికూతురు. వీటిని నేను అందమైన పాత ఫోటోలుగా చూడలేకపోతున్నాను. ఈమధ్య ఇలాంటివాటిని పెద్దగా చేయించి హోటళ్ల గోడలకి అలంకారంగా పెడుతున్నారు. నా ప్లేటులో భోజనం చల్లారిపోయిన సందర్భాలున్నాయి.

కుర్చీల సంగతి వేరుగా చెప్పాలి. కుర్చీలో ఎవరు కూర్చున్నారు, వెనక ఎవరు నిలబడ్డారు, నేల మీద ఎవరున్నారు అన్నది ఆ ఇంటి రాజ్యాంగం. పాత వాటిలో పెళ్లికొడుకు కూర్చుంటే పెళ్లికూతురు పక్కన నిలబడి కుర్చీ చేతిమీద చెయ్యి వేస్తుంది. 1950లు వచ్చేసరికి ఇద్దరికీ కుర్చీలు. గ్రూపు ఫోటోలో మగపెళ్లివారి మగవాళ్లు ముందు వరస, వాళ్ల ఆడవాళ్లు వెనక వరస, పెళ్లికూతురి తల్లిదండ్రులు ఒక పక్కన. కట్నం ఎంతో ఫోటోలో రాసి ఉండదు గానీ, పెళ్లికూతురి తండ్రి నిలబడిన చోటు చూస్తే అంచనా కట్టొచ్చనిపిస్తుంది నాకు.

ఫోటోలో లేనివాళ్లు అంతకంటే ముఖ్యం. కన్యాదానం చేస్తున్న దంపతులు పెళ్లికూతురి తల్లిదండ్రులు కాకపోతే ఆగి అడగండి. పిన్నీ బాబాయిలు పీటల మీద కూర్చున్నారంటే తల్లి విధవరాలన్నమాట. కూతుర్ని కని, ఒంటిచేత్తో పెంచి, పొలం కౌలుకిచ్చి కట్నం కూడబెట్టిన మనిషి ఆ రోజు వంటింటి వైపు ఉంటుంది. యాభై ఫోటోల ఆల్బంలో ఒక్కదానిలోనూ ఉండదు. నేను చూసిన ఒక ఆల్బంలో మాత్రం అప్పగింతల ఫోటోలో ఒక మూల, తలుపు రెక్క వెనక తెల్లచీర అంచు, నాలుగు వేళ్లు కనిపించాయి. ఆ ఇంటి కూతురు ఆ వేళ్ల మీద తన వేలు పెట్టి "అదే మా అమ్మ" అంది. పెద్దది చేయించి పెట్టుకోవడానికి ఆమెకి తల్లి ఫోటో ఇంకొకటి లేదు.

1960లు, 70ల్లో ఫోటో కిందికి దిగింది. బారోడాలో తయారైన ఆగ్ఫా క్లిక్ త్రీ కెమెరాలు, ఊటీలో 1967 నుంచి హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ తీసిన 'ఇందు' ఫిల్ములు, మళ్లీ మళ్లీ వెలిగే ఎలక్ట్రానిక్ ఫ్లాషు వచ్చాయి. చిన్న పట్నాల్లో స్టూడియోలు వెలిశాయి. 120 రోలుకి పన్నెండు ఫోటోలు. పన్నెండే కాబట్టి ఏం తీయాలో ముందే లెక్క. తాళి, తలంబ్రాలు, అప్పగింతలు, మిగతావన్నీ గ్రూపులు. ఇప్పుడు పెళ్లి ఫోటోలో పెళ్లి కనపడసాగింది. అయితే ఆ పెళ్లి ఫోటోగ్రాఫరు చెప్పినట్టు జరగసాగింది. మూడో ముడి దగ్గర "ఆగండి, ఇటు చూడండి" అంటే పురోహితుడితో సహా అందరూ ఆగుతారు. ముహూర్తం నిమిషం తప్పితే కొంపలు మునుగుతాయనే పెద్దలు కూడా. ఒక్క పెళ్లికూతురికే తల ఎత్తమనాలా, దించమనాలా అన్న విషయంలో ఫోటోగ్రాఫరుకీ మేనత్తకీ గొడవ.

స్టూడియో గురించి ఒక దళిత స్త్రీ చెప్పిన మాట నేను మర్చిపోలేను. ఊళ్లో వాళ్ల పెళ్లికి కెమెరా రాలేదు. పెళ్లయిన నెలకి భర్తతో బస్సెక్కి తెనాలి వెళ్లి దిగింది. "ఆ కుర్చీలో మా ఊరి కమ్మోరి కోడలు కూడా కూచునే దిగింది. అదే కుర్చీ. నేనూ కూచున్నా" అని చెప్పింది. అదే తెర, అదే గచ్చు స్తంభం, అదే ప్లాస్టిక్ పూల కుండీ. డబ్బు తీసుకుని కుర్చీ చూపించే చోటు అది. ఊళ్లో ఆ ఇంటి అరుగు మీద ఈమె కూర్చునే వీలు లేదు. స్టూడియోలవాళ్లు ఉదాత్తులని కాదు. ఎవరు వచ్చి వెళ్లారో గుర్తు పెట్టుకునే ఊరు కాదు పట్నం, అంతే.

ఇంతవరకు చెప్పిన ఫోటోలన్నీ ఎవరో తీయించినవి. ఆడవాళ్లు తమంతట తాము తీయించుకున్న ఫోటో ఒకటుంది. మనలో చాలామంది పెట్టెల్లో ఉంటుంది, దాన్ని చరిత్ర కింద ఎవరూ లెక్కవేయలేదు. అదే పూలజడ ఫోటో. వేసవిలో మల్లెమొగ్గలు చవకైనప్పుడు, ఇంట్లో అమ్మ, పిన్ని, పక్కింటి అక్కయ్య కూర్చుని అరటిదొప్పకి మొగ్గలు వరసగా గుచ్చి, నడుమ కనకాంబరాలు, మరువం పెట్టి, జడకి కుట్టేవారు. కుట్టడం మధ్యాహ్నానికి అయిపోవాలి. సాయంత్రానికి మొగ్గలు విచ్చుకుంటే జడ ఆకారం చెడుతుంది. స్టూడియోలో వెలుగూ తగ్గుతుంది. అంటే మొగ్గకీ వెలుగుకీ మధ్య ఉన్న ఆ రెండు మూడు గంటల్లోనే ఎండలో పిల్లని నడిపించుకునో రిక్షాలోనో తీసుకెళ్లాలి. అక్కడ నిలువుటద్దం ఉండేది. పిల్లని అద్దం పక్కన ఏటవాలుగా నిలబెడితే మొహం కెమెరాకి, జడ అద్దంలోంచి కనపడుతుంది. అద్దంలో కెమెరా, దాని వెనక మనిషి పడకుండా కోణం చూసుకోవడమే ఫోటోగ్రాఫరు పనితనం. కొందరు తిరగేసి తీసేవారు, జడ ఇటు, మొహం అద్దంలో.

ఆ ఫోటోలో మగవాడు లేడు. ఎవరి కోడలో, ఎవరి భార్యో తెలియదు. ఖర్చు కూడా చాలా ఇళ్లలో పాల డబ్బుల్లోంచో, అమ్మమ్మ కొంగుముడిలోంచో వచ్చేది. ఇంటాయనకి తెలిసేది ఫోటో వచ్చాకే. దాన్ని గోడకి పెట్టరు. ఎదిగిన పిల్ల ఫోటో గోడ మీద ఏమిటని. ట్రంకుపెట్టె అడుగున పాత పేపరు కింద ఉండిపోతుంది. పెళ్లయ్యాక కొందరు అత్తారింటికి తెచ్చుకున్నారు, కొందరు తల్లి దగ్గరే వదిలేశారు. రేపల్లె దగ్గర ఒక పెద్దావిడ రెండు ఫోటోలూ నా ముందు పెట్టి, పెళ్లి ఫోటో చూపిస్తూ "ఇది వాళ్లది" అంది. పూలజడ ఫోటో చూపిస్తూ ఏమీ అనలేదు. చేత్తో మెల్లిగా నిమిరి మళ్లీ పేపర్లో చుట్టింది. ఈ ఫోటో రజస్వల వేడుకలకీ, 'ఎదిగిన పిల్ల ఉంది' అన్న ప్రకటనకీ కూడా చెందినదేనని, నేను మరీ మురిసిపోతున్నానని ఒక స్నేహితురాలు వాదించింది. అందులో నిజం ఉంది. అయినా నాలుగు జతల ఆడచేతులు కలిసి ఒక మధ్యాహ్నమంతా పనిచేసి, తమ చేతిపని నిలిచేలా తమ డబ్బుతో తీయించిన ఫోటోకి, మగపెళ్లివారి ముందు వరస ఫోటోకి తేడా లేదంటే నేను ఒప్పుకోను.

ఈ రెంటి మధ్యలో ఇంకో ఫోటో ఉంది, పెళ్లిచూపులకి ముందు పెళ్లిళ్ల పేరయ్య సంచిలో తిరిగేది. కాగితం వచ్చిందాకా ఓపిక పట్టి, నెగెటివ్ మీద సన్నటి పెన్సిల్‌తో గీసి ఒంటి రంగు తేల్చేవారు. అది నలుపు తెలుపు ఫోటోల కాలపు పౌడరు. ఈ పెన్సిలు పని చాలా స్టూడియోల్లో యజమాని భార్య చేసేది. నేను కలిసిన ఒకావిడ ముప్ఫై ఏళ్లు చేసింది. ప్రింట్లు కడగడం, అంచులు కత్తిరించడం, అట్టకి అంటించడం, ఫోటోకి రంగులద్దడం కూడా ఆవిడే. బోర్డు మీద ఆయన పేరే. "ఎంతమంది ఆడపిల్లల్ని తెల్లబరిచానో! నన్నే తెల్లబరచలా ఎవరూ" అని నవ్వింది. ఆవిడది కూడా నల్లటి ఒళ్లు.

ఇప్పుడు నెగెటివ్ దగ్గరికి రావాలి. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం అక్కడుంది.

1990ల మొదట్లో జరిగిన ఒక కథ. పేర్లు, ఊరు చెప్పను. పెళ్లయిన ఆరేళ్లకి భర్త ఇంకో పెళ్లి చేసుకున్నాడు. ఈమె కట్టుబట్టలతో పుట్టింటికి వచ్చేసింది. మనోవర్తికి దావా వేసింది. అప్పట్లో క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షను, 2024 జులై నుంచి కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 144. అసలు ఈమెతో పెళ్లే కాలేదన్నాడు భర్త. పెళ్లి ఫోటో తెమ్మన్నాడు వకీలు. అది అత్తారింటి గోడ మీద ఉంది, బహుశా అప్పటికి లేదు కూడా. ఇక మిగిలింది స్టూడియో. ఫోటో ఒక్కటే ఉన్నా ఎదుటివాళ్లు కాదంటే అది చాలదు. నెగెటివ్ తేవాలి, తీసిన మనిషి బోనెక్కి నేనే తీశానని చెప్పాలి, అదీ ఆ రోజుల కోర్టు పద్ధతి. ఈమె తండ్రితో కలిసి స్టూడియోకి వెళ్లి తన పేరు చెప్పింది. ఆ పేరున ఏమీ లేదు. నెగెటివ్ కవర్ల మీద, రిజిస్టరులో ఉండేది ఆర్డరిచ్చిన మగపెళ్లివారి పేరు. మామగారి ఇంటిపేరు, ఊరు, 'పెళ్లి' అనే మాట, నంబరు. ఏ మామ ఈ పెళ్లి జరగలేదంటున్నాడో ఆ మామ పేరు కింద వెతికితేనే ఈమె దొరికింది. స్టూడియో ఆయన మంచివాడు కాబట్టి నెగెటివ్ ఇచ్చాడు, కోర్టుకి వచ్చాడు. మగపెళ్లివారు ముందే వచ్చి కొనుక్కుపోయిన నెగెటివ్‌లు కూడా ఉన్నాయని ఆయనే చెప్పాడు.

రెండో పెళ్లి నిరూపించడం ఇంకా కష్టం. హోమం, సప్తపది లాంటి శాస్త్రోక్తమైన తంతు జరిగినట్టు రుజువైతేనే రెండో పెళ్లి నేరమవుతుందని భావురావ్ లోఖండే కేసులో 1965లో సుప్రీంకోర్టు చెప్పింది. అప్పటినుంచి ఫోటోగ్రాఫరు లేని గుడిలో దండలు మార్చుకోవడం మగవాడికి ఎంత సౌకర్యమో వేరే చెప్పాలా? మొదటి భార్యకి తన పెళ్లి ఫోటో కావాలి, భర్త రెండో పెళ్లి ఫోటో కూడా తనే సంపాదించాలి.

ఫోటో వెనక స్టూడియో ముద్ర, తేదీ ఉంటాయి. ఆ తేదీ కూడా ఒక్కోసారి ఆడవాళ్ల మీదికే వచ్చింది. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకి కొడుకులతో సమాన హక్కు ఇస్తూ 1986లో ఆంధ్రప్రదేశ్ హిందూ వారసత్వ చట్టాన్ని సవరించింది. దేశానికంతా దారి చూపిన సవరణ. అయితే 1985 సెప్టెంబరు 5కి ముందు పెళ్లయిన కూతుళ్లకి అది వర్తించదు. మా పెదనాన్నగారి ఊళ్లో ఒకావిడ పెళ్లి ఆ ఏడాది మేలో అయింది. వాటా అడిగితే అన్నదమ్ములు గోడ మీది పెళ్లి ఫోటో దింపి పెద్దమనుషుల ముందు తిరగేసి చూపించారు. 2005 సెప్టెంబరు 9న కేంద్రం తెచ్చిన సవరణ ఆ తేడా తీసేసింది. అప్పటికి ఆ పొలం ప్లాట్లయిపోయింది.

2002లో రాష్ట్రంలో పెళ్లిళ్ల నమోదు తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. 2006 ఫిబ్రవరి 14న సుప్రీంకోర్టు దేశమంతటా అదే చేయమంది. ఆడవాళ్ల భద్రతకి ఇవి ముఖ్యమైన అడుగులు. రిజిస్ట్రేషనుకి పెళ్లి కార్డుతో పాటు పెళ్లి ఫోటో జతచేయడం అలవాటైంది. గోడ మీద ఉన్న ఫోటోకి తోడు ఫైల్లో ఒకటి చేరింది.

ఆడమనిషి పేరు ఫోటో పక్కన అచ్చయి రావడం చాలా ఊళ్లలో ఓటరు కార్డుతోనే మొదలు. 1993 నుంచి ఎన్నికల సంఘం ఫోటో గుర్తింపు కార్డులు మొదలుపెట్టింది. పెళ్లయ్యాక నలభై ఏళ్లకి ఒంటరిగా కెమెరా ముందు కూర్చోవడం అదే మొదటిసారి అని చాలామంది చెప్పారు. పేరు, కింద భర్త పేరు. ఫోటో దయ్యంలా వచ్చిందని అందరూ తిట్టుకున్నారు. ఒక తాతయ్య మాత్రం భార్య పోయాక ఆ ఓటరు కార్డు ఫోటోనే పెద్దది చేయించాడు. పెళ్లి ఫోటోలోంచి తీయించవచ్చుగా అంటే, "అందులో అది చిన్నపిల్ల. నాతో కాపరం చేసింది ఇది" అన్నాడు.

చనిపోయినవాళ్ల ఫోటో చేయించడం స్టూడియోలకి పెద్ద పని. గ్రూపు ఫోటోలో వెనక వరసలోంచి ఆమె మొహం ఒక్కటి తీసి, చుట్టూ ఉన్నవాళ్లని చెరిపి, బొట్టు పెద్దది చేసి, మెడలో గొలుసు గీసి దండ వేయడానికి సిద్ధం చేస్తారు. విడివిడిగా దిగిన భార్యాభర్తల్ని పక్కపక్కన అతికి దంపతుల్ని చేసేవారు కూడా. అలా బతికుండగా ఎప్పుడూ ఒక చోట కూర్చోనివాళ్లు దేవుడి పటాల పక్కన జంటగా ఉన్నారు.

రంగులు, వీడియో క్యాసెట్లు, ఆ తర్వాత డిజిటల్, కరిజ్మా ఆల్బములు, డ్రోన్లు వరసగా వచ్చాయి. వాటి గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. నా బెంగంతా నెగెటివ్‌ల మీద. రంగుల ల్యాబులు వచ్చాక చిన్న స్టూడియోలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. నలుపు తెలుపు నెగెటివ్‌లో నల్లగా కనపడేదంతా వెండే. వెలుగు ఎక్కువ పడ్డచోట వెండి ఎక్కువ. అంటే మల్లెపూలు, తెల్లచీర, ముత్యాల సరాలు వెండి. జుట్టు, కాటుక ఖాళీ. ఆ వెండి కోసం నెగెటివ్‌లని కిలోల లెక్కన కొనేవాళ్లు ఊళ్లు తిరిగారు. అంతకుముందటి గాజు ప్లేట్లని కడిగేసి పటాలకి అద్దాలుగా వేశారు. అలా ఒక పెళ్లికూతురిని కడిగిన గాజు వెనక ఇంకో పెళ్లికూతురు గోడకెక్కి ఉంటుంది.

తెనాలి దగ్గర మూతపడ్డ ఒక స్టూడియోవాళ్లు అమ్మకానికి కట్టిన మూటల్లోంచి రెండు నన్ను తీసుకోనిచ్చారు. బ్రౌను కాగితం కవర్లు, ఒక్కోదానిలో పన్నెండు నెగెటివ్‌లు, పైన నంబరు, ఇంటిపేరు, ఊరు, పెళ్లి. అన్నీ మగవాళ్ల పేర్లే. స్కాన్ చేయించి, ప్రింట్లు తీయించి, ఆ ఊళ్లలో ఒక ఊరికి పట్టుకెళ్లాను. రామాలయం అరుగు మీద నలుగురు పెద్దవాళ్లు చుట్టూ చేరారు. నేను పుస్తకంలో గీతలు గీసుకుని, పెళ్లికూతురి పేరు అన్న గడి ముందు పెట్టుకుని కూర్చున్నాను.

మొహాలన్నీ ఇట్టే గుర్తుపట్టారు. "ఇది చెరుకుపల్లత్త." "ఇది కొల్లూరక్కాయి గదంటే! ఎంత సన్నగా ఉందో చూడు." "ఇది బాపట్ల పిన్ని, మూడో కాన్పులో పోయింది." పుట్టిన ఊరి పేరుతోనే అందరూ అందరినీ పిలుచుకునేవాళ్లు. అత్తారిల్లు ఎంత కాదన్నా, పిలుపులో పుట్టింటి ఊరు పోలేదు. అది నాకు తెలుసు. అయినా అడిగాను.

"ఈ బాపట్ల పిన్ని పేరేంటమ్మా?"

ఒకావిడ ఆలోచించింది. పక్కావిడని మోచేత్తో పొడిచింది. ఆవిడ ప్రింటుని ఎండలోకి పట్టుకుని చాలాసేపు చూసింది.

"పేరెవరు పిలిచారమ్మాయ్?" అంది. "వాళ్లాయన పేరైతే కవరు మీద ఉండే ఉంటది చూడు."